ఖాళీ కాని జాడీ

సంగాని పేరంటాలుకి గర్వమెక్కువని కోరంగి పక్కన పెదమొగలో ఎవర్ని అడిగినా చెబుతారు. ఆ మాట చెవిన పడితే ఆమె నొచ్చుకోదు సరికదా, గర్వపడటానికి ఇంట్లో ఏదో ఒకటి ఉండాలి కదా అని తిప్పికొడుతుంది. ఆమె ఇంట్లో ఉన్నది ఒక జాడీ. మోకాలెత్తు పింగాణీ జాడీ. తెల్లటి ఒంటి మీద బూడిద కలిసిన నీలం రంగులో తామర తీగ, లోపలా బయటా వెంట్రుకల్లాంటి సన్నటి పగుళ్ళు, అడుగున అంటుకుపోయిన ఇసుక రేణువులు. మూత ఏ తరంలో పోయిందో ఎవరికీ తెలియదు. సంగాని వంశంలో ఓడ నడిపిన ఒక తండేలు చీనా దాకా వెళ్ళి దాన్ని పట్టుకొచ్చాడని ఆ ఇంట్లో చెప్పుకుంటారు.

ఆ జాడీకో ఆనవాయితీ ఉంది. ఏటా వేసవిలో అందులో ఆవకాయ పడాలి. ఏడాది పొడుగునా ఎంత తిన్నా, ఎవరొచ్చినా, కొత్త ఆవకాయ పడేదాకా పాతది అడుగున ఒక ముద్ద మిగిలి తీరాలి. దాన్ని అడుగు ముద్ద అంటారు. దాని మీదే కొత్తది వేస్తారు. అందువల్ల ఆ జాడీ తమ ఇంటికొచ్చిన నాటినుంచి ఒక్క ఏడు కూడా ఖాళీగా లేదనీ, సముద్రం పొంగి ఊరిని ఊడ్చుకుపోయిన పెద్ద ఉప్పెన ఏడు కూడా లేదనీ పేరంటాలు ఢంకా బజాయించి చెబుతుంది. ఆమె పచ్చళ్ళు సీసాల్లో పెట్టి కాకినాడ కొట్లకి పంపుతుంది. ఆ సీసాల మీద ‘ఎన్నడూ ఖాళీ కాని జాడీ’ అని అచ్చు వేయించింది కూడా.

రత్నావళికి ఈ కథ ఉగ్గుపాలతో వచ్చింది. పేరంటాలు ఆమెకి మేనత్త. కథ విని విని పెరిగినందుకో ఏమో, ఆమె పెద్దయ్యాక పింగాణీ మీదే పరిశోధన చేసి విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో కుదురుకుంది. పాత చైనా పింగాణీ ఏ మట్టితో, ఏ రంగురాయితో, ఎంత వేడిలో తయారైందో తేల్చటం అక్కడి పని. ఇంటి జాడీని మాత్రం ఆమె ఎప్పుడూ పరీక్షకి అడగలేదు. అత్త ఇవ్వదని ఒక కారణం. పరీక్షలో ఇంకేదో తేలితే ఆ మాట అత్తకి చెప్పలేనన్నది అసలు కారణం.

అటువంటి జాడీని ఒకరోజు పేరంటాలే స్వయంగా పాత నూలు చీరలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, కోస్తా రైల్లో విశాఖపట్నం వచ్చి ప్రయోగశాల గుమ్మంలో దిగింది. దిగుతూనే డ్రైవరు లేని ఆటోని తిట్టింది. మనిషే లేకపోతే బేరమాడేది ఎవరితోనని ఆమె బాధ. రత్నావళి ఎదురెళ్ళి జాడీ అందుకోబోతే ఇవ్వలేదు. బల్ల మీద తనే దింపి, దాని పక్కన ఒక చిన్న స్టీలు డబ్బా పెట్టింది. అందులో, జాడీలోంచి తీసిన అడుగు ముద్ద ఉంది.

జరిగింది ఇది. కాకినాడలో ఎవరో పాతకాలపు ఓడ వ్యాపారం మీద ప్రదర్శన పెట్టి, జాడీని తెమ్మని పేరంటాలుని పిలిచారు. ఆమె పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. అక్కడున్న పెద్దమనిషి దాన్ని తలకిందులు చేసి చూసి, ఇది చైనాది అయ్యుండదు, రంగూను బజార్లో కొన్న నకలు అయ్యుంటుందని నలుగురిలో అనేశాడు. లోపల పెట్టటానికి వీల్లేదని గుమ్మం దగ్గర పూలకుండీల పక్కన పెట్టించాడు. ఆ రోజు వాన పడింది.

“గొడుగెట్టారే అందులో,” అంది పేరంటాలు. “తడి గొడుగు.”

ఆవకాయ జాడీకి తడి తగలటమంటే ఏమిటో తెలిసినవాళ్ళకి ఆ అవమానం ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. రత్నావళి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అత్త మాత్రం ఏడవలేదు. నీ మిషన్ తెమ్మంది, ఇది ఎక్కడిదో కాగితం మీద రాసిమ్మంది.

ఆ మిషన్ పేరు పొడుగ్గా ఉంటుంది కానీ ప్రయోగశాలలో అందరూ దాన్ని చెద అంటారు. పుస్తకాన్ని చెద తిన్నట్టు అది పింగాణీని పై నుంచి లోపలికి తింటుంది. సన్నటి కాంతి పింగాణీ పైనున్న గాజులాంటి మెరుగు మీద పడి ఒక్కో అణువరసని లేపుతుంది, అదేమిటో చెబుతుంది, గాలిలో కలిపేస్తుంది. చదివిన మేర మెరుగు పోయి సుద్దముక్కలా మిగులుతుంది. రత్నావళి ఒక పగిలిన పెంకు తీసి అత్త కళ్ళముందే దాని కింద పెట్టి చూపించింది. తెర మీద గీతలు లేచాయి. ఇది కోబాల్టు, ఈ నీలం దానిదే. పక్కన మాంగనీసు ఎక్కువుంటే ఆ రాయి చైనా గనుల్లోది, ఇనుము ఎక్కువుంటే పడమటి నుంచి ఓడల మీద వాళ్ళు తెప్పించుకున్నది. ఇలా చెబుతూండగానే పెంకు మీది నీలిపువ్వు సగం తెల్లబడింది. పేరంటాలు ఆ పెంకుని చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్దింది. వేలికి సుద్ద అంటుకుంది.

అంతవరకు వాళ్ళకి వచ్చిన పెంకులన్నీ కోరంగి మడ అడవుల బురదలో దొరికినవి. ఉప్పునీళ్ళలో పెరిగే మడచెట్ల వేళ్ళూ ఆకులూ ఆ బురదలో కుళ్ళి, వాటి పసరు పెంకుల పగుళ్ళలోకి ఇంకిపోయి అసలు గీతల్ని కప్పేసేది. అందుకని రత్నావళి చెదకి ఒక పాఠం నేర్పింది. మడ పసరు ఎక్కడ కనిపించినా అది మురికి, దాన్ని తీసేసి మిగతాది చూపించు. ఆ పాఠం నేర్చుకున్నాకే చెద చక్కగా పనిచేయటం మొదలుపెట్టింది. రత్నావళికి దాని వల్ల మంచి పేరు కూడా వచ్చింది.

జాడీ లోపల, మెడ కింద, గోరంత చోటూ, బయట తీగ మీదా అడుగు ఇసుకలోనూ ఆవగింజంత చోటూ చదవటానికి ఒప్పందమైంది. పరీక్షకి ముందు ఏ పింగాణీనైనా ఆమ్లంతో కడగటం అక్కడి రివాజు. పేరంటాలు కడగనివ్వలేదు. పొడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టటమే తప్ప ఆ జాడీకి నీళ్ళు తగలవంది. ఒకసారి తడి గొడుగు తగిలింది చాలంది. రత్నావళి అత్తతో వాదించలేక అలాగే పెట్టేసింది.

జాడీ చైనాదే. మట్టి దక్షిణ చైనా తీరంలోది, నీలం అక్కడి గనుల్లోది. అడుగున అంటుకున్న ఇసుక కోరంగిది కాదు, బట్టీలో జాడీ అంటుకుపోకుండా కింద పోసిన ఇసుక. తేలగానే రత్నావళి కుర్చీలోంచి లేచి అత్తని కావలించుకుంది. ఇన్నేళ్ళ భయం ఒక్కసారి దిగిపోయింది.

“నాకు తెలిసిందేగా,” అంది పేరంటాలు. “నువ్వు సదూకున్నావు కాబట్టి నీకూ తెలిసింది.”

కథ అక్కడితో అయిపోవలసింది. కానీ మెరుగు కంటే ముందు, దాని పైపగుళ్ళలో, చెద ఇంకేదో చదివింది. ఉప్పు, ఆవపిండి, నువ్వులనూనె, మిరపకారం, మామిడి పులుపు. ఒక వరస, దాని కింద సన్నటి ఖాళీ, మళ్ళీ ఒక వరస. రత్నావళి చాలాసేపు తెరని చూసి, ప్రయోగశాల అధిపతి జోగారావుగారిని పిలుచుకొచ్చింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఏటా జాడీని ఎండబెట్టినప్పుడు పగుళ్ళు నోరు తెరుస్తాయి. కొత్త ఆవకాయ పడగానే అది కాస్త ఇంకుతుంది, చల్లబడ్డాక పగుళ్ళు మూసుకుంటాయి. మరుసటి ఏడు దాని మీద ఇంకో పొర. ప్రపంచంలోని మ్యూజియంలన్నీ తమ పింగాణీని తోమి కడిగి అద్దాల వెనక దాచుకున్నాయి. ఎవరూ కడగని జాడీ, ఏటా నిండిన జాడీ, ఇదొక్కటే. ఏ ఏడు ఎవరేం తిన్నారో ఇందులో ఉంది.

అయితే ఒక్కో పగుల్లో కొన్నేళ్ళ పొరలే ఉంటాయి. అన్నీ వరసన పేర్చాలంటే చెద జాడీ లోపలంతా తినాలి. జోగారావుగారు ఆ మాట అడగలేక నసిగాడు. రత్నావళి వెంటనే వద్దంది. లోపలి మెరుగు పోతే జాడీ సుద్ద అవుతుంది, నూనె కారిపోతుంది, ఇంక అందులో ఆవకాయ పెట్టలేరు. తేలాల్సింది తేలింది కదా, జాడీని ఇంటికి పంపేద్దామంది.

పేరంటాలు మధ్యలో వచ్చింది. “ఏ ఏడు ఏటేసారో తెలిసిపోద్దా?”

“తెలుస్తుందత్తా.”

“ఏ ఏడన్నా ఖాళీగా ఉంటే?”

“అదీ తెలుస్తుంది.”

“లేదు కాబట్టి తెలవదు. తిననీ.”

రత్నావళి బతిమాలింది. ఇకముందు అందులో ఆవకాయ నిలవదని మళ్ళీ చెప్పింది. పేరంటాలు జాడీ అంచు మీద అరచెయ్యి పెట్టింది. తర్వాత, తన మాట మీద ఊళ్ళో వాళ్ళు ముసిముసి నవ్వులు నవ్వుకోవటం తనకి తెలియక కాదనీ, ఉప్పెన ఏడు సంగతి ఎత్తితే పెనిమిటి తరఫు వాళ్ళు కూడా నవ్వుతారనీ చెప్పింది. తన తర్వాత ఆ మాట చెప్పేవాళ్ళు ఉండరు. యంత్రం చెబితే ఎప్పటికీ ఉంటుంది. ఆ మాట చెప్పి అడుగు ముద్ద డబ్బా చంకన పెట్టుకుని ఊరికెళ్ళిపోయింది. డబ్బా ఖాళీ చెయ్యననీ, జాడీ తిరిగొచ్చేదాకా ముద్ద తన దగ్గరే ఉంటుందనీ గుమ్మం దాటాక గుర్తుచేసింది.

వేసవంతా చెద జాడీని తింది. పెదమొగలో మామిడికాయలు దిగాయి, ఇంటింటా ఆవపిండి ఘాటు లేచింది. పేరంటాలు ఆ ఏటి ఆవకాయ సీసాల్లోనే పెట్టుకుంది. విశాఖపట్నంలో రత్నావళి తెర ముందు కూర్చుని తన ఇంటి వేసవులన్నీ వెనక్కి వెనక్కి చూస్తూ పోయింది. అత్త ఏళ్ళు మొదట వచ్చాయి. ఉప్పు దండిగా, నూనె దండిగా, ఆమె మనిషి ఎలాంటిదో అలాగే ఉన్నాయి. వాటి కింద ఒకచోట మెంతుల గీత లేచింది.

రత్నావళి గబుక్కున చెదని ఆపేసింది. ఆ ఇంట్లో ఆవకాయలో మెంతులు వేసిన మనిషి ఒక్కతే, రత్నావళి తల్లి అచ్చాయమ్మ. ఆమె యానాం వైపు నుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. మెంతులేస్తే మందవుద్ది గానీ పచ్చడవుద్దా అని పేరంటాలు వదినగారిని జీవితాంతం ఆటపట్టించింది. రత్నావళి కాలేజీలో ఉండగా అచ్చాయమ్మ జబ్బుచేసి పోయింది, జాడీ మేనత్త చేతికి వచ్చింది. ఇప్పుడు ఆ మెంతులు అక్కడ ఉన్నాయి. అమ్మ పిడికిట్లోంచి రాలినవే. స్విచ్చి నొక్కితే తెర మీద గీతగా మిగులుతాయి, జాడీలో ఉండవు. రత్నావళి కళ్ళు తుడుచుకుంది. అత్త ఇచ్చిన మాట ఇచ్చేసింది, దాన్ని వెనక్కి తీసుకునే హక్కు తనకి లేదనుకుంది. స్విచ్చి నొక్కింది.

నాయనమ్మ వచ్చింది, ఆమె అత్త వచ్చింది. పేరు తెలిసినవాళ్ళు అయిపోయాక పేరు తెలియనివాళ్ళు వచ్చారు. ఒకామెకి ఉప్పు మీద పిసినారితనం. ఒకామె కరువొచ్చిన ఏళ్ళలో నూనె తగ్గించింది గానీ మామిడి మానలేదు. వాళ్ళెవరో తెలియకపోయినా రత్నావళికి ఒక్కొక్కరి చేతి తీరు పట్టుబడిపోయింది. చాలా లోతుకి పోయాక మిరపకారం గీత సన్నబడి మాయమైంది, దాని చోట మిరియాలు లేచాయి. మిరపకాయ ఈ దేశానికి రాని రోజుల ఆవకాయ. అప్పటికే ఆ జాడీ ఇక్కడ ఉంది, ఆడవాళ్ళ చేతుల్లో ఉంది. ఇంట్లో చెప్పుకునే తండేలు ఇంకా చాలా తరాల తర్వాతివాడు. మామిడి కంటే ముందు, అట్టడుగున, తేయాకు వాసన ఒకటే మిగిలింది. చైనాలో ఓడెక్కినప్పుడు జాడీ నిండా అదే ఉండాలి. దాని కింద మెరుగు వచ్చింది.

జోగారావుగారు ప్రయోగశాలంతటికీ మిఠాయి పంచాడు. నిజానికి ఆయన సంతోషమంతా నడుమనున్న ఒక పొర మీద ఉంది. అక్కడ మామిడి లేదు, ఆవ లేదు, నూనె లేదు. సన్నటి ఒండ్రు, దాని మీద ఉప్పు. తెర మీద అదొక తెల్లటి పట్టీ. పెద్ద ఉప్పెన ఎప్పుడొచ్చిందో అందరికీ తెలుసు. లెక్క దానికి సరిగ్గా సరిపోయింది. ఖాళీ జాడీలోకి సముద్రం వచ్చిందని ఆయన అన్నాడు. పై నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చిన పొరలన్నీ నిజమేనని చెప్పటానికి అంతకంటే గట్టి రుజువు దొరకదు. దేశదేశాల నుంచి శాస్త్రజ్ఞులు వచ్చే సభలో మొదట ఆ తెల్లపట్టీనే చూపించాలని ఆయన నిర్ణయించాడు.

ఆ పట్టీ రుజువు చేసింది ఇంకోటి కూడా ఉందని ఆయనకి తట్టలేదు. ఎన్నడూ ఖాళీ కాని జాడీ ఆ ఏడు ఖాళీగా ఉంది. సభలో చూపిస్తే పెదమొగ దాకా ఆ మాట వెళ్ళటానికి ఎంతోసేపు పట్టదు. అత్త వేరేవాళ్ళ నోట వినకూడదని రత్నావళి జాడీని కారులో పెట్టుకుని తనే బయల్దేరింది.

అప్పటికి వానలు పడుతున్నాయి. ఈ మధ్య పెద్ద పోటు వచ్చినప్పుడల్లా పెదమొగలో ఉప్పునీళ్ళు వాకిళ్ళలోకే వస్తున్నాయి. నీళ్ళు తీశాక ఎవరి వాకిలి వాళ్ళు ఊడ్చుకుంటారు. రత్నావళి వెళ్ళేసరికి పేరంటాలు చీపురు పట్టుకుని ఉంది. జాడీని అరుగు మీద పెట్టించుకుని, లోపలికి తొంగి చూసి, చెయ్యి పెట్టి రాసి, వేళ్ళకంటిన తెల్లటి పొడిని చూసుకుంది. రత్నావళి తలొంచుకుని మొత్తం చెప్పింది. చైనా గురించి, తేయాకు గురించి, మిరియాల గురించి, చివరికి తెల్లపట్టీ గురించి.

“కాదు,” అంది పేరంటాలు.

రత్నావళి మళ్ళీ వివరించబోయింది. ఊరే కొట్టుకుపోయిన ఏడు, చెట్లే చచ్చిపోయిన ఏడు, జాడీ ఒక్క ఏడు ఖాళీగా ఉంటే అది తప్పు కాదత్తా అంది. అంతటి ఉప్పెనలో జాడీ మిగలటమే గొప్ప అంది.

“తప్పని ఎవరన్నారే. తప్పు కాదు, అబద్ధం. మా మేనత్త సెప్పింది, ఆవిడకి ఆవిడ మేనత్త సెప్పింది. జాడీ నిండిందంటే నిండింది. నీ మిషనుకి తెలవదేమో సూసుకో.”

అని, చెప్పటం అయిపోయినట్టు వెనక్కి తిరిగి వాకిలి ఊడవటం మొదలుపెట్టింది. చీపురు ఒకే చోట ఆడుతోంది. ఊరంతా నవ్వినా చలించని ఆమె ముఖం ఒక్కసారిగా వడిలిపోవటం రత్నావళి మొదటిసారి చూసింది. తను పాఠం నేర్పిన యంత్రం తెచ్చిన ముఖమది. రత్నావళి అరుగు మీద జాడీ పక్కన కూర్చుంది.

కాసేపటికి పేరంటాలే, మాట మార్చటానికన్నట్టు, పోటుని తిట్టింది. రోజూ ఈ మడకాయల చెత్త ఎత్తలేక చస్తున్నానంది. చీపురు ముందు బురద, బురదలో పచ్చటి మడకాయలు కుప్పపడి ఉన్నాయి. వానాకాలంలో మడ అడవిలో కాసి రాలి, పోటు నీళ్ళతో వాకిళ్ళలోకి కొట్టుకొస్తాయి. ఉప్పెన వచ్చినప్పుడు ఉప్పునీళ్ళకి మామిడి చచ్చిపోతుంది, కొబ్బరి వాడిపోతుంది. మడచెట్టు చావదు. అది పుట్టిందే ఉప్పునీళ్ళలో.

రత్నావళి లేచి వెళ్ళి ఆ చెత్తలోంచి ఒక కాయ తీసింది. కొరికింది. చిన్నప్పుడొకసారి కొరికితే నాలుక మొద్దుబారి పోయింది, పసరు కారి పరికిణీకి అంటిన మరక ఎన్ని ఉతుకులైనా పోలేదు, అమ్మ వీపు మీద రెండేసింది. ఇప్పుడూ నాలుక అలాగే పట్టుకుంది. ఈ పసరు గీత ఎలా ఉంటుందో రత్నావళి కంటే బాగా ఎరిగినవాళ్ళు లేరు. చూడగానే తీసి పారెయ్యమని చెదకి నేర్పింది తనే.

అత్తకి ఏమీ చెప్పలేదు. ఒక సంచీ అడిగి, దాని నిండా మడకాయలు ఎత్తుకుంది. ఊడ్చిన చెత్తని కారులో వేసుకుపోతున్న మేనకోడల్ని పేరంటాలు వింతగా చూసింది.

చెద తీసి పక్కన పెట్టిన గీతల్ని పారెయ్యదు, విడిగా దాచుతుంది. రత్నావళి ప్రయోగశాలకి వెళ్ళి జోగారావుగారిని పక్కన కూర్చోబెట్టుకుని, తను నేర్పిన పాఠాన్ని తనే చెరిపేసింది. తెల్లపట్టీ తెల్లగా ఉండటం మానేసింది. ఒండ్రు మీద ఉప్పు, ఉప్పుతో కలిసి అంచు నుంచి అంచు దాకా మడ. బురద మరకైతే పైపైన ఉండాలి, వేళ్ళదీ ఆకుదీ కలిసి ఉండాలి. ఇది ఉత్త కాయ. అదీ చేదు సగం విరిగిన కాయ. రత్నావళి తెచ్చిన కాయల్ని ఉడకబెట్టి వార్చి, మళ్ళీ నీళ్ళు పోసి ఉడకబెట్టి వార్చి, ఉప్పులో ఊరేసి చెద కింద పెట్టారు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. జోగారావుగారు తన తెల్లపట్టీ బొమ్మని తెర మీంచి తీసేశాడు. తర్వాత, సభలో దీన్నే మొదట చూపిద్దామమ్మా, నువ్వే చూపించు అన్నాడు.

కానీ రత్నావళి చూపు ఆ పొర మీద లేదు. దాని పై పొర మీద ఉంది, అంటే ఉప్పెన దాటిన మరుసటి వేసవి మీద. ఆ ఏడు మళ్ళీ మామిడి వచ్చింది, ఎక్కడి నుంచి తెచ్చారో. మళ్ళీ ఆవ వచ్చింది, కొంచెమే అయినా నూనె వచ్చింది. ఆ మామిడి కింద, వెతికితే తప్ప కనపడనంత సన్నగా, మడకాయ గీత ఉంది.

ఆ గీత అక్కడ ఉండటానికి ఒకటే కారణం.

మళ్ళీ పెదమొగ వెళ్ళినప్పుడు ఆమె తెరలూ కాగితాలూ ఏమీ తీసుకెళ్ళలేదు. అరుగు మీద అత్త పక్కన కూర్చుని మామూలు మాటల్లో చెప్పింది. ఉప్పెనలో ఇల్లు పోయింది, అడుగు ముద్ద కూడా కొట్టుకుపోయింది. జాడీ బురదలో దొరికింది. మామిడి కాయలేదు. వేసవి గడిచిపోయింది. వానలు పడి మడ కాసినప్పుడు ఆ ఇంట్లో మిగిలిన ఒకామె అడవిలోకి వెళ్ళి కాయలు ఏరుకొచ్చి, చేదు విరిచి, ఉప్పులో ఊరేసి జాడీ నింపింది. అంతేకాదు, ఏడాది పొడుగునా ఆకలితో ఉండి కూడా అందులో ఒక ముద్ద ముట్టుకోలేదు. అడుగున మిగిల్చింది. మరుసటి వేసవిలో దాని మీదే మామిడి వేసింది.

“ఇప్పుడు నీ డబ్బాలో ఉన్నదత్తా,” అంది రత్నావళి. “ఆ ముద్దకి మొదలు ఆవిడ మడకాయే.”

పేరంటాలు స్టీలు డబ్బా ఒళ్ళోకి తీసుకుంది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి, తుడుచుకోలేదు.

“ఆవిడ పేరు సెప్పిందా మిషను?”

“పేర్లు చెప్పదత్తా.”

“ఇంటి కోడలే అయ్యుంటది,” అంది పేరంటాలు. “ఆడపిల్లలం మేం కతలు సెప్పుకున్నాం. నింపింది కోడళ్ళే.”

కాకినాడ ప్రదర్శనవాళ్ళ నుంచి అప్పటికే కబురొచ్చి ఉంది. జాడీకి అద్దాల పెట్టె చేయిస్తాం, హాలు నడుమ పెడతాం, పంపమన్నారు. పంపుతుందిగానీ ఖాళీగా పంపదట. ఆ సంగతి వాళ్ళకి చెప్పమని పేరంటాలు కొంగుతో ముఖం తుడుచుకుంటూ లేచింది. గొడుగులకి ఇంకో చోటు చూసుకోమని కూడా చెప్పమంది.

నూనె నిలవని జాడీలో ఏం వేస్తుందోనని రత్నావళి చూస్తూ కూర్చుంది. పేరంటాలు లోపలి నుంచి ఒక చేట తెచ్చింది. వేసవిలో ఉప్పులో వేసి ఎండబెట్టిన మామిడి ఒరుగులు. తడి లేదు, నూనె లేదు, కారిపోయేదేమీ లేదు. ఈ ఏడు ఇంకా అయిపోలేదనీ, ఆ మహాతల్లి కూడా వానల్లోనే నింపిందనీ అంది. స్టీలు డబ్బా తెరిచి, అడుగు ముద్దని రెండు చేతులతో సుద్దబారిన జాడీ అడుగున పెట్టింది. దాని మీద ఒరుగులు పరిచింది. వాకిట్లోంచి ఒక మడకాయ తెచ్చి, ఉప్పులో దొర్లించి, మధ్యలో ఉంచింది. మళ్ళీ ఒరుగులు వేసింది.

అంచుదాకా నిండాక ఆగింది. ఏదో గుర్తొచ్చినట్టు వంటింట్లోకి వెళ్ళి, పిడికిలి మూసుకుని వచ్చింది. రత్నావళి వైపు చూడకుండా జాడీ మీద పిడికిలి విప్పింది. మెంతులు.

“మందవుద్దేమో అత్తా,” అంది రత్నావళి.

“అవనీ,” అంది పేరంటాలు. జాడీ మూతికి తెల్లటి గుడ్డ కట్టి ముడి బిగించింది.